రెండక్షరాల ఖాళీ

సియోల్, సిల్లిమ్-దోంగ్
మార్చి 9, 1994

పూజ్యులు పెదనాన్నగారికి, బోక్‌హీ వంగి దండం పెట్టి రాస్తున్నది.

నాన్న పోయాక కొత్త సంవత్సరం కార్డు తప్ప ఉత్తరం ముక్క రాయనిది ఇప్పుడెందుకు రాసిందా అని మీరు కళ్ళజోడు సర్దుకుంటూ ఉంటారు. దాచడమెందుకు, అవసరం పడింది కనకే రాస్తున్నాను.

చరిత్రలో డాక్టరేట్ పట్టాకి మా డిపార్ట్‌మెంట్ అడిగేవి చాలానే ఉన్నాయి. తరగతులు పూర్తి చెయ్యాలి, చేశాను. ఇంగ్లీషు పరీక్షా, జపనీస్ పరీక్షా పాసవ్వాలి, అయ్యాను. ప్రాచీన చైనా భాషలో పరీక్ష పాసవ్వాలి. అందులో రెండుసార్లు తప్పాను. మూడోసారి మే నెలలో. అదీ తప్పితే ఇక నాలుగోసారి లేదు, జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. పాసైతే సిద్ధాంత గ్రంథం ఇవ్వాలి. దాని మొదటి పేజీ మీద ఐదుగురు పరీక్షకులూ తమ ముద్రలు గుద్దాలి. నలుగురు గుద్ది ఐదోవారు చెయ్యి వెనక్కి తీసుకున్నా అంతే సంగతులు. ఇదంతా డిసెంబరులోగా అయిపోవాలి. నేను చేరి అప్పటికి ఎనిమిదేళ్ళు నిండుతాయి. ఎనిమిదేళ్ళకి మించి ఎవర్నీ ఉంచరు.

హైస్కూల్ టీచరు ఉద్యోగం మానేసి వచ్చిన రోజు మీరేమన్నారో నాకు గుర్తుంది. "బతికున్న పిల్లలకి పాఠాలు చెప్పడం మాని చచ్చినవాళ్ళ గుమ్మాలు తడుతుందట" అన్నారు. ఇప్పుడు నాకు ముప్పై ఆరు. రెండు ఊళ్ళ కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. వచ్చే మార్చికి పట్టా లేకపోతే ఆ గంటలూ పోతాయి. తర్వాత ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలియదు పెదనాన్నా.

తాతయ్య దగ్గర ఆ పాత చదువు చదివినవారు మీరొక్కరే మిగిలారు. ఉత్తరాల మీద నాకు నేర్పుతారా? తిట్టండి, పడతాను. కానీ నేర్పండి.

బోక్‌హీ


సోరెగోల్
మార్చి 17

అమ్మాయ్ బోక్‌హీకి,

నీ ఉత్తరం మీ పెద్దమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. కళ్ళు కనబడక కాదు, మొదటిసారి నమ్మబుద్ధి కాక. డాక్టరమ్మ అవబోయే మనిషి మూడు ముక్కల పాత చదువులో రెండుసార్లు తప్పిందా! మీ ప్రొఫెసర్లు నీకు ఎనిమిదేళ్ళూ ఏం నేర్పినట్టు, టీ కలపడమా?

మా నాన్న నాకు నేర్పినప్పుడు పక్కన బెత్తం ఉండేది. పిక్కల మీద వాతలు తేలేవి. నిన్ను కొట్టాలంటే నా చెయ్యి సియోల్ దాకా సాగదు కాబట్టి నీ పంట పండింది. ఇందులో నాలుగు పేజీలు పెట్టాను. ఒక్కో పేజీ వంద సార్లు పైకి చదువు. కళ్ళతో కాదు, నోటితో. తొంభై సార్లు చదివి వంద అని రాస్తే నాకు తెలిసిపోతుంది. తర్వాత అర్థం రాసి పంపు. ఎర్ర సిరాతో దిద్దుతాను. ఎర్ర సిరాతో పేరు రాస్తే చావంటారు కదా, నీ పేరు మాత్రం నల్ల సిరాలోనే రాస్తానులే, భయపడకు.

నాకూ తీరిక లేదు. ముప్పై ఏళ్ళకోసారి మన వంశావళి కొత్తగా అచ్చువేస్తారు కదా, అది ఈ ఏడే. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. మన మూలపురుషుడు రాజధానిలో కొలువు వదిలి ఈ లోయకొచ్చి స్థిరపడ్డాడని ఊరి మొగదలలో రాయి కూడా నిలబెడుతున్నాం. రాతి మీద వాక్యం నేనే రాస్తున్నాను. అంతటి పనిలో ఉన్నవాణ్ణి నీకు అక్షరాలు దిద్దిపెడుతున్నాను, గుర్తుపెట్టుకో.

మీ పెద్దమ్మ ఎండు రేగుపళ్ళు వేరే పొట్లం కట్టింది. చదువుతూ తినకు, కాగితం జిగురవుతుంది.

పెదనాన్న


సియోల్
ఏప్రిల్ 8

పెదనాన్నగారికి,

నాలుగు పేజీలూ వంద సార్లు చదివాను. సరే, నాలుగోది ఎనభై ఏడు సార్లు. పక్కగది అమ్మాయి గోడ గుద్ది "అక్కా, ఎవరైనా పోయారా మీ ఇంట్లో?" అని అడిగింది. శోకాలు పెడుతున్నాననుకుందట.

మీరు దిద్దిన కాగితం చూసి ముందు ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఎందుకో ధైర్యం వచ్చింది. ఎనిమిదేళ్ళలో ఎవరూ నా తప్పులు ఇంత ఓపిగ్గా చూడలేదు.

ఒక మనవి. పరీక్షలో ఒక ప్రశ్న ఇంటి జాబితాల మీద వస్తుంది. మూడేళ్ళకోసారి సర్కారు రాయించుకునేది చూడండి, ఇంటి యజమాని ఎవరు, ఎవరి వయసెంత, చివర్న బానిసలు ఎంతమంది, అవి. ఆ రాత నాకు అస్సలు కొరుకుడు పడటం లేదు. నా సిద్ధాంత గ్రంథమూ వాటి మీదే. పూర్వీకుల కాగితాలు దాచిన మన పెట్టెలో అలాంటివి ఉంటే జిరాక్స్ తీయించి పంపుతారా?

బోక్‌హీ


సోరెగోల్
ఏప్రిల్ 20

అమ్మాయ్,

మన పెట్టెలో కాగితం గడప దాటదు. మా నాన్న మాట అది. అందుకని కూర్చుని నా చేత్తో నకలు రాశాను. రెండు రోజులు పట్టింది, మెడ పట్టేసింది.

ఇది మన ఇల్లు కాదు. పక్క లోయలో చో వారి ఇల్లు, రెండు వందల అరవై ఐదేళ్ళ కిందటిది. మన పెట్టెలోకి ఎలా వచ్చిందని అడగకు. పాత కాగితాలు ఎలాగో వస్తాయి. యజమాని, ఆయన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, భార్య, కొడుకులు, ఆఖర్న తొమ్మండుగురు బానిసలు. పురుగు కొట్టిన చోటల్లా ఎర్ర సున్నా చుట్టాను. ఎలా ఉందో అలాగే దించాను, వరుస కూడా మార్చలేదు.

వంద సార్లు. ఎనభై ఏడు కాదు.

పెదనాన్న


సియోల్
జూన్ 2

పెదనాన్నా!

పాసయ్యాను! డెబ్భై ఎనిమిది మార్కులు! అచ్చం మీరు పంపినలాంటి జాబితాయే వచ్చింది. పరీక్ష హాల్లో నా పెదవులు కదులుతుంటే కాపలా ఆయన వచ్చి "మేడమ్, లోపల చదువుకోండి" అన్నాడు. ఫలితం బోర్డు ముందు నిలబడి మీ ఊరి వైపు తిరిగి నిజంగానే దండం పెట్టాను. పిల్లలు నవ్వారు. నవ్వనివ్వండి.

కానీ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. మా ప్రొఫెసర్ మ్యోంగ్ గదికి పిలిచి నా రాతప్రతి బల్ల మీద పెట్టారు.

"జిల్లా మొత్తం లెక్కలు వేశావు. బానిసలు తగ్గారు, పెద్దకులాలు పెరిగాయి. ఈ మాట ఇరవై ఏళ్ళ కిందటే అందరూ రాశారు. ఇందులో మనిషేడీ?"

"మనిషంటే ఏమిటి సార్?"

"ఒక్క కుటుంబం. బానిసగా మొదలై, పేరు సంపాదించి, వంశావళిలోకి ఎక్కిన ఒక్క కుటుంబం, అసలు కాగితాలతో. అది ఉంటే ముద్ర గుద్దుతాను. లేకపోతే నా ముద్ర డబ్బాలోంచి బయటికి రాదు."

అలాంటి కాగితాలు ఎవరి దగ్గరుంటాయి పెదనాన్నా? ఉన్నా ఎవరిస్తారు? ఎవరి ఇంట్లో చూడండి, పూర్వీకుడు మంత్రో, సేనాపతో!

మీరు పంపిన చో వారి జాబితా మళ్ళీ తీశాను. ఒక్క సందేహం. బానిసల వరుసలో ఆరో మనిషి దగ్గర "మగ బానిస" అని రాసి, రెండక్షరాలంత ఖాళీ వదిలి, "వయసు పందొమ్మిది, తల్లి సున్‌రే" అని రాశారు. మిగతా ఎనిమిది మందికీ పేర్లున్నాయి. పురుగు కొట్టిందా అంటే ఎర్ర సున్నా లేదు. శుభ్రంగా, కొలిచి వదిలినట్టుంది. అక్కడేముంది?

బోక్‌హీ


సోరెగోల్
జూన్ 11

బోక్‌హీకి,

పరీక్ష పాసయ్యావు. సంతోషం. నా పని అయిపోయింది.

అక్కడ పురుగు కొట్టింది. సున్నా చుట్టడం మర్చిపోయాను. ఆ నకలు చింపి పారెయ్యి. ఇకమీదట నాకు రాయకు.

(బోక్‌హీ, నేను పెద్దమ్మను. ఆయన కవరు అంటించేలోపు రాస్తున్నా. ఏం రాశావే తల్లీ? నీ ఉత్తరం చూసిన కాడినుంచీ మూడు రోజులైంది, మనిషి అన్నం ముట్టలేదు. పెట్టె ముందు కూర్చుంటాడు, తియ్యడు. అడిగితే "నా చెయ్యే నన్ను పట్టిచ్చింది" అంటాడు.)


సియోల్
ఆగస్టు 23

పెదనాన్నగారికి,

రాయకన్నారు. రాస్తున్నాను. ఉత్తరం చించి పొయ్యిలో వేసే ముందు ఒక్కసారి చదవండి.

మన ఇంట్లో పెద్దల పేర్లు రాయకూడదు, నోటితో అనకూడదు. నాకు ఐదేళ్ళప్పుడు తాతయ్య పేరు గడగడా చెప్పానని మీరు నా నోటి మీద కొట్టారు. పేరు చెప్పక తప్పకపోతే ఒక్కో అక్షరం విడదీసి చెప్పమన్నారు. పూర్వీకుడి పేరొచ్చిన చోట చదివేటప్పుడు ఆగాలి, నకలు రాసేటప్పుడు ఖాళీ వదలాలి. మీరు డెబ్భై రెండేళ్ళుగా అలాగే చేస్తున్నారు.

చో వారి యజమాని పేరు రాశారు. ఆయన తాతల పేర్లు రాశారు. ఎనిమిది మంది బానిసల పేర్లు రాశారు. పందొమ్మిదేళ్ళ ఆ మగ బానిస దగ్గర మాత్రం మీ కలం ఆగింది. అబద్ధం చెప్పాలని కూర్చున్నారు, కానీ ఆయన పేరు రాయడానికి మీకు చెయ్యి రాలేదు.

ఆయన మన పూర్వీకుడు. అంతే కదా?

నాకు జూన్ నుంచి నిద్ర లేదు. ప్రొఫెసర్ అడిగిన కుటుంబం కోసం జిల్లా అంతా వెతికాను. పదకొండు ఇళ్ళకి వెళ్ళాను. ఒకాయన పీడ పోవాలని నా వెనకే గుమ్మంలో ఉప్పు చల్లించాడు. చివరికి ఆ కుటుంబం నాదే! నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

పెట్టెలో ఇంకేమున్నాయో నాకు తెలియదు. ఆ ఒక్క కాగితమే కాదని మాత్రం అనిపిస్తోంది. చో వారి జాబితా మన ఇంట్లో ఉందంటే, ఆయన విడుదలైనప్పుడు రుజువుగా తెచ్చుకుని ఉంటాడు. అయితే విడుదల కాగితమూ ఉంటుంది. ఆ తర్వాతి జాబితాలూ ఉంటాయి. పెదనాన్నా, అవి నాకివ్వండి. చేతి నకలు చెల్లదు. అసలు కాగితం కావాలి, దాన్ని వాడుకోవచ్చని ఇంటిపెద్ద ముద్ర వేసిన అనుమతి పత్రం కావాలి. అదీ మా డిపార్ట్‌మెంట్ నియమమే. పత్రం ఇందులో పెట్టాను.

మీరు వంశావళి సంఘానికి అధ్యక్షులు. రాయి నిలబెడుతున్నారు. నేను అడిగేది ఎంతటిదో నాకు తెలుసు. తెలిసీ అడుగుతున్నాను. నాకు వేరే దారి లేదు.

బోక్‌హీ


సియోల్
అక్టోబరు 29

పెదనాన్నగారికి,

రెండు నెలలు ఎదురుచూశాను. పోస్టుమాన్ నన్ను చూస్తే తల దించుకుని వెళ్ళిపోతున్నాడు.

మొన్న సిద్ధాంత గ్రంథం మీద తొలి విచారణ జరిగింది. నలుగురు సరేనన్నారు. ప్రొఫెసర్ మ్యోంగ్ ముద్ర డబ్బా మూత తీసి, నా వైపు చూసి, మళ్ళీ మూసేశారు. "నవంబరు ఇరవై దాకా ఆగుతాను. అప్పటికీ లేకపోతే నీ అంతట నువ్వే తప్పుకుంటున్నట్టు రాసివ్వు, అది గౌరవంగా ఉంటుంది" అన్నారు. చెడ్డవారు కాదు. 

ఒక నేరం ఒప్పుకోవాలి. నిన్న మీ నకలు ముందు పెట్టుకుని, మీకు చెప్పకుండానే మన ఊరి పేరుతో సహా అధ్యాయమంతా టైపు చేశాను. పద్దెనిమిది పేజీలు. ఎనిమిదేళ్ళలో నేను రాసిన వాటిలో అదొక్కటే బాగుంది. అచ్చు తీసి చదువుకుని, ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా చించేశాను. చదవడం మీ దగ్గర నేర్చుకున్నాను. ఆ చదువుతోనే మీ ఇల్లు దోచుకోలేను.

తప్పుకుంటున్నట్టు కాగితం రాసి పెట్టుకున్నాను. ఇరవయ్యో తారీఖున ఇచ్చేస్తాను. ఇక మిమ్మల్ని విసిగించను.

కోపంగా ఉంది పెదనాన్నా. ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. మీరు అచ్చు వేయిస్తున్న వంశావళిలో ఆడపిల్ల పేరుండదు, ఆమె మొగుడి పేరుంటుంది. నాకు మొగుడు లేడు కాబట్టి నేను అసలు పుట్టనే లేదు. పందొమ్మిదేళ్ళ ఆ పూర్వీకుడి పేరూ అందులో లేదు, ఆయన స్థానంలో ఎవరో కొలువు చేసిన పెద్దమనిషి ఉన్నాడు. ఆ పుస్తకంలో లేనివాళ్ళం మేమిద్దరం. ఎనిమిదేళ్ళ నా చదువు మిగిల్చింది ఆ చుట్టరికం ఒక్కటే.

పెద్దమ్మకి నమస్కారాలు.

బోక్‌హీ


సోరెగోల్
నవంబరు 9

అమ్మాయ్ బోక్‌హీ,

ఈ ఉత్తరంతో పాటు మన ఊరి పోస్టుమాస్టరు స్వయంగా ఒక చెక్క పెట్టె తెస్తాడు. మీ పెద్దమ్మ దాన్ని రెండు దుప్పట్లలో చుట్టింది. తెరిచే ముందు చేతులు కడుక్కో.

లోపల నాలుగు కాగితాలున్నాయి. నువ్వు చూసిన జాబితా. ఇరవై రెండేళ్ళ తర్వాత చో వారు ఆయన్ని విడిచిపెడుతూ రాసిచ్చిన పత్రం, ఒక ఎద్దుకీ నలభై బస్తాల వడ్లకీ. ఆయన మనవడి కాలం నాటి జాబితా, అందులో మొదటిసారి మనకి ఇంటిపేరుంది. మునిమనవడిది, అందులో "విద్యార్థి" అని పెద్దకులం వాళ్ళ హోదా రాయించుకున్నాడు. వాడు అక్షరం ముక్క చదివాడో లేదో దేవుడికెరుక. నీ ప్రొఫెసర్ అడిగిన కుటుంబం మొత్తం అందులో ఉంది.

నాకు ఇరవై ఏళ్ళు నిండిన రోజు మా నాన్న ఈ పెట్టె తెరిచి చూపించాడు. పెద్దకొడుక్కి మాత్రమే చూపిస్తారు. మీ నాన్నకి కూడా తెలియదు. "మరి కాల్చేస్తే పోలేదా?" అని అడిగాను. మా నాన్న నన్ను చెంప మీద కొట్టాడు. "ఆయన పేరు ఈ లోకంలో ఈ కాగితం మీద తప్ప ఎక్కడా లేదురా. కాలిస్తే ఆయన్ని మనమే చంపినట్టు" అన్నాడు. అదీ మా బతుకు. చూపించలేం, కాల్చలేం.

నలభై ఆరేళ్ళుగా ఇంటిపెద్దగా ఆయన తిథి పెడుతున్నాను. బల్ల నిండా వండించి, కొనుక్కున్న పేరొకటి ఫలకం మీద రాసి, ఆ పేరునే పిలిచి దండం పెడుతున్నాను. నలభై ఆరేళ్ళుగా ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి అన్నం పెట్టాను బోక్‌హీ. మా ముసలాయన గుమ్మం బయటే నిలబడి ఉండి ఉంటాడు. బానిస కదా, పిలవందే లోపలికి రాడు.

నీ ఆఖరి ఉత్తరం చదివినప్పుడు నాకు నీ మీద కోపం వచ్చింది. రెండోరోజు నా మీద వచ్చింది. మూడోరోజు వంశావళి సంఘానికి వెళ్ళి, అచ్చు ఆపండి అని సంగతి చెప్పాను. జరిగింది రాయను. అధ్యక్షుడు ఇప్పుడు వేరే ఆయన. రాయి నిలబెడతారట, దాని మీద నేను రాసిన వాక్యం మాత్రం చెక్కరట. సంతోషం.

అనుమతి పత్రం నింపి ముద్ర వేశాను. అందులో "కాగితంలోని వ్యక్తితో బంధుత్వం, ఆ వ్యక్తి పేరు" అని ఒక గడి ఉంది. ఎవడు తయారుచేశాడే ఆ పత్రం! దాని ముందు ఒక పూటంతా కూర్చున్నాను. కలం మూడుసార్లు ఎండిపోయింది. చివరికి రాశాను. అక్షరం బాగా రాలేదు, నువ్వే దిద్దుకో.

కేతోంగ్. కుక్కపెంట.

పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, వీడినైనా చావు చూసి అసహ్యించుకుని వదిలెయ్యాలని పెట్టే పేరు. సున్‌రే అనే ఆ బానిస తల్లి అలా పెట్టి కొడుకుని దక్కించుకుంది. ఆ పేరే లేకపోతే నేనూ లేను, నువ్వూ లేవు. దానికి సిగ్గుపడ్డాను నేను, ఇంత వయసొచ్చీ.

ఆ తప్పుకునే కాగితం చింపెయ్. చింపడం నీకు బాగానే వచ్చుగా.

పెదనాన్న


సియోల్
డిసెంబరు 15

పెదనాన్నగారికి,

ఐదు ముద్రలూ పడ్డాయి.

చించేసిన పద్దెనిమిది పేజీలూ మళ్ళీ రాశాను, ఈసారి నలభై అయ్యాయి. విచారణలో ఒక పరీక్షకుడు "ఇంత సరిగ్గా అమరే కుటుంబం మీకెలా దొరికిందండీ?" అని వెటకారంగా అడిగారు. "మాదే సార్" అన్నాను.  ప్రొఫెసర్ మ్యోంగ్ మీ అనుమతి పత్రం చేతిలోకి తీసుకుని, ఆ గడిలో మీ రాత వేలు పెట్టి చదివారు. ఆ తర్వాత ముద్రని నోటితో ఊది, గట్టిగా అదిమారు. ఎంత గట్టిగా అంటే వెనక పేజీ మీద కూడా పడింది.

గెలిచానన్న సంతోషం రావడం లేదు. మీ నుంచి ఏం లాక్కున్నానో తెలిసి తిండి సహించడం లేదు. చెక్కపెట్టె నేనే తెచ్చి అప్పగిస్తాను. నన్ను గడప లోపలికి రానిస్తారా?

బోక్‌హీ


సోరెగోల్
డిసెంబరు 22

డాక్టరమ్మకి,

గడప దగ్గర నిలబడి అడిగేవాళ్ళు ఈ ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు, ఇంకొకరు వద్దు.

జనవరి ఎనిమిదిన ఆయన తిథి. ప్రతి ఏడూ అరవై మంది వచ్చేవారు, వాకిట్లో చెప్పులకి చోటుండేది కాదు. ఈసారి ఎవరూ రారు. ముగ్గురు కబురు కూడా పంపారు, రామని చెప్పడానికి. మీ పెద్దమ్మ "ఇద్దరికే వండితే సరిపోతుందిగా" అని ఒకటే గొణుగుడు, వండేది మాత్రం అరవై మందికే.

ఆయనకి పోసే బియ్యపు సారాలో మొదటి గిన్నె నేను పోస్తాను. రెండో గిన్నె పోయడానికి ఇంటి మనిషి కావాలి. ఆడది పొయ్యకూడదని నేనే నలభై ఆరేళ్ళు చెప్పాను, వినేవాళ్ళు లేరు కాబట్టి ఇప్పుడు మాట మారుస్తున్నాను. నువ్వు పొయ్యాలి. నీ పుస్తకం బల్ల మీద పెడదాం, ముద్రలున్న పేజీ తెరిచి.

ఫలకం మీద ఈసారి అసలు పేరు రాస్తాను. దాన్ని పైకి చదివి పిలవాలి. నేను ప్రయత్నించాను, గొంతు దాటడం లేదు. అలవాటు లేని నోరు. కాబట్టి ఆ పని కూడా నీదే. బస్సెక్కే ముందు ఆ పేరు పైకి చదువుకుని రా. వంద సార్లు. ఎనభై ఏడు కాదు.

పెదనాన్న